హుసేనప్ప గచ్చు పిట్టలు

మొన్న పొద్దున కల్లూరులో మా పక్కింటివాళ్ళు పెరటి గోడకు కొట్టడానికి రాతి సున్నం తెప్పించి తొట్టిలో పోసి నీళ్ళు కొట్టారు. ఈ రోజుల్లో ఎవరూ అట్లా చేయరు. డబ్బాల్లో రంగులు వస్తాయి, రెండు రోజుల్లో గోడ మెరిసిపోతుంది. ఆ ఇంటి పెద్దాయన మాత్రం పట్టుబట్టి సున్నమే కావాలన్నాడట. నీళ్ళు పడగానే సున్నం బుసబుసమని ఉడికింది. ఆ వెచ్చటి ఘాటు వాసన గోడ దాటి నేను కాఫీ తాగుతున్న అరుగు మీదికి వచ్చింది. గ్లాసు కింద పెట్టేశాను. "ఏం మామయ్యా, కాఫీ బాగలేదా?" అని మా కోడలు అడిగింది. కాఫీ బాగానే ఉంది. హుసేనప్ప గుర్తుకొచ్చాడు. ఆ మాట చెప్తే హుసేనప్ప ఎవరు అంటుంది. అది చెప్పడానికి ఒక గ్లాసు కాఫీ చాలదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

హుసేనప్ప గచ్చు మేస్త్రీ. సిమెంటు మా పల్లెల దాకా రాని కాలంలో సున్నాన్నీ ఇసుకనూ గానుగలో రోజుల తరబడి నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి గోడలకు పూసేవారు. అదే గచ్చు. ఆరకముందు వెన్న, ఆరితే రాయి. ఆ వెన్నగా ఉన్నప్పుడే చేత్తో దిద్ది వాకిళ్ళ మీద తీగలు, పూలు, మిద్దెల అంచున కలశాలు చేసేవాళ్ళలో ఆయనొకడు. పేరును బట్టి ఏ మతమో చెప్పలేం. పీర్లకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలకు మా సీమలో అందరూ అలాంటి పేర్లు పెట్టుకుంటారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మేమిద్దరం మాట్లాడుకున్నది మొత్తం ఒక్క బడి గోడ గురించే. అయినా నాకు పాఠం చెప్పిన గురువుల్ని వరసగా తలుచుకుంటే, ట్రైనింగు స్కూల్లో చెప్పినవాళ్ళందరూ ఆయన తర్వాతే వస్తారు.

అది యాభైల మొదట్లో మాట. నాకు ఇరవై రెండేళ్ళు. ట్రైనింగు పాసై, కోయిలకుంట్ల దాటి జమ్మలమడుగు దిక్కు పోతే కర్నూలు జిల్లా ముగిసి కడప జిల్లా మొదలయ్యే చోట, నల్లరేగడి నేలల పల్లె ఒకదానికి అయివారిగా వెళ్ళాను. మా వైపు పంతుల్ని అయివారు అంటారు. నా తండ్రి వయసు వాళ్ళు నన్ను అయివారూ అని పిలుస్తుంటే నేల మీద కాలు నిలిచేది కాదు. నా అదృష్టం కొద్దీ నేను వెళ్ళిన ఏడే ఆ ఊరికి కొత్త బడి కట్టారు. రాతి గోడలు, కడప బండలు పరిచిన నేల, రోడ్డు వైపు ఇరవై అడుగుల పొడవున బోసి గోడ. ఆ గోడ మీద ఏదైనా మంచి బొమ్మ చేయించాలని బడి కమిటీ తీర్మానించింది. ఆ కమిటీకి పెద్ద ఓబుళరెడ్డి. ఊళ్ళో సగం పొలం ఆయనది. మిగిలిన సగంలో చాలా భాగం ఆయనకు పడనివాళ్ళది.

ఏ బొమ్మ అన్న దగ్గర చిక్కు వచ్చింది. రెడ్డి వైపువాళ్ళు ఒంటిమిట్ట కోదండరాముణ్ణి పెట్టాలన్నారు. రాముడి మీద వాళ్ళకు విరోధమేమీ లేకపోయినా, రెడ్డి అన్నాడు కాబట్టి అవతలి పార్టీవాళ్ళు మంత్రాలయం రాఘవేంద్రస్వామి బృందావనం కావాలన్నారు. మూడు సమావేశాలు జరిగాయి. మూడోదానిలో ఒకాయన తువ్వాలు విసిరికొట్టి లేచాడు. రెడ్డి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా అయివారూ, సదువుకున్నోనివి, నువ్వు చెప్పు."

"పిట్టలు పెట్టిద్దాం రెడ్డిగారూ," అన్నాను. "పిట్టలు ఏ పార్టీవీ కావు. పిల్లలకూ ఇష్టం. ఎవరూ కాదనరు."

ఎవరూ కాదనలేదు. అంత తెలివిగా గొడవ తీర్చానని ఆ వారమంతా నన్ను నేనే మెచ్చుకుంటూ తిరిగాను. పిట్టల మీద ఎవరికీ పేచీ ఉండదనుకున్నవాడికి ఆ ఊరి సంగతి ఎంత తెలుసో తర్వాత తేలింది.

పుష్యమాసంలో కర్నూలు నుంచి హుసేనప్పను రప్పించాం. జొన్నచేలు గింజ కట్టి బరువుగా ఊగుతున్న రోజులు. ఆయనకు అరవై ఏళ్ళుంటాయి. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. ఏళ్ళ తరబడి సున్నం తినేసి చేతివేళ్ళ కొసలు గీతలు లేకుండా నున్నగా అరిగిపోయాయి. గోడ ముందు నిలబడి, వేలి కణుపుతో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడుతూ చప్పుడు విన్నాడు. తర్వాత నన్నడిగాడు.

"ఏం పిట్టలు గావాల?"

"నెమళ్ళు, హంసలు, చిలకలు. అందంగా ఉండాలి."

"హంసను నువ్వు చూసినావా?"

"లేదు."

"నేనూ చూల్యా," అని నవ్వాడు. "చిలకలంటావా, వాకిళ్ళ మీద నూరు చేసింటా. అవి చిలకలు కాదప్పా, వాకిలి సామాను. ఈడ పిల్లోళ్ళు దినామూ చూస్తారు. యాడా లేని పిట్టను పెడితే వాళ్ళకు ఏం తెలుస్తాది? ముందు నన్ను చేన్లకు పోనీ. ఏ పిట్ట ఎట్ల తింటాదో చూడల్ల. తినేది చూస్తే పిట్ట అంతా తెలుస్తాది."

పదిహేను రోజులు ఆయన గోడ జోలికి రాలేదు. పొద్దున్నే సద్ది మూట కట్టుకుని జొన్నచేలో కావలి మంచె ఎక్కి కూర్చునేవాడు. ఇదేం పని, ఈయన్ను నమ్మి తప్పు చేశానా అని నాకు అనుమానం వచ్చింది. ఒక ఆదివారం నేనూ వెళ్ళాను. మంచె మీద పిట్టల్ని తోలడానికి రెడ్డి పెట్టుకున్న సుంకమ్మ ఒడిసెల పట్టుకుని నిలబడి ఉంది. ఆమె బిడ్డ నా దగ్గర రెండో తరగతి. ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరితే ఆ చివరి గట్టు మీద గువ్వ కూడా లేచిపోవాలి, అంత గురి ఆమెది. ఆ గురే హుసేనప్పకు అడ్డం.

"రోంతసేపు ఆగు తల్లీ, ఆ చిలక ఏ కాలితో పట్టుకుంటాదో చూస్తా," అంటున్నాడాయన.

"బాగుండాది మేస్త్రీ! నన్ను పెట్టుకున్నేది పిట్టల్ని తోలేదానికి. నీ కోసరం నేను ఊరుకుంటే రెడ్డి నన్ను తోల్తాడు," అంటూనే ఆమె ఒడిసెల దించింది. ఆమెకూ చెప్పాలని ఉన్నట్లుంది. "చిలక దొంగదప్పా. కంకి కంకే కొరికి ఎత్తుకుపోతాది. తినేది ఇంత, పారేసేది అంత. పిచ్చుక ఒక్కొక్క గింజే పొడుస్తాది. గువ్వ పాపం పైకే రాదు, చిలక పారేసింది కింద ఏరుకుంటాది. గోరింకకు నిలకడ ల్యా, తింటాండంగానే కొట్లాటకు పోతాది."

ఆ పొద్దంతా వాళ్ళిద్దరి మధ్య కూర్చుని చూశాను. చిలకల్లో చాలావరకు కంకిని ఎడమకాలితో పట్టుకుంటాయి. పిచ్చుక ప్రతి గింజకూ ముందు ఒకసారి తలెత్తి చుట్టూ చూస్తుంది. కౌజుపిట్ట తినేటప్పుడు నేలను గీకి రెండడుగులు వెనక్కి వేస్తుంది. నేను ఆ జొన్నచేల మధ్యనే పుట్టి పెరిగాను. ఇవేవీ నాకు తెలియదు. నలభై మంది పిల్లలకు చదువు చెప్తున్నానన్న గర్వం మంచె దిగేసరికి సగం తగ్గింది. ఆ మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం పిల్లలు సద్ది తినేటప్పుడు నా గదిలోకి పోకుండా వాళ్ళ దగ్గరే కూర్చోవడం మొదలుపెట్టాను. ఎవడు మూట విప్పకుండా దాచుకుంటున్నాడో, ఏ పిల్ల సగం తిని సగం ఇంటికి తమ్ముడికి తీసుకుపోతున్నదో అప్పుడు తెలిసింది. అంతకుముందు వాళ్ళను మొద్దులని, పరధ్యానమని తిట్టేవాణ్ణి.

చూడడం అయిపోయాక హుసేనప్ప ఊరికి ప్రయాణమయ్యాడు. ఎండాకాలం గచ్చు పగులుతుందట. శ్రావణంలో వస్తానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈలోగా ఎవరైనా పైఅధికారి వస్తే బోసి గోడ చూపించాలి కదా అన్నాను. "గచ్చుకు అధికారులు తెలీదప్పా," అని బండెక్కాడు.

శ్రావణంలో అన్నమాట ప్రకారం వచ్చాడు. వానలే రాలేదు. పని మొదలుపెట్టే ముందు రోజు ఆయన నన్ను గోడ దగ్గరికి పిలిచి ఒక మాట అడిగాడు. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక పెద్దింట్లో వాకిలి మీద ఆయన ఆరునెలలు కష్టపడి తీగలు, పూలు చేశాడట. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఆ వాకిలి ఎవరికి రావాలన్న తగాదాలో ఎవరికీ వద్దని ఆ పనంతా కొట్టించేశారట.

"అందుకే అడుగుతాండా అయివారూ. రేపు ఎవురన్నా వచ్చి ఇది బాగల్యా, అది తీసెయ్ అంటే నేను ఎవురికి చెప్పల్ల?"

"నాకు చెప్పు," అన్నాను. "ఈ గోడ నా పూచీ. నేను చెప్పందే దీని మీద ఒక్క గింజ కదలదు."

ఎంత సులభంగా అన్నానో! అయివారినన్న మత్తు, ఇరవై రెండేళ్ళ పొగరు. ఆయన నా ముఖం వైపు కాసేపు చూసి, సరేనని తల ఊపి, గానుగ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పని మార్గశిరం దాకా సాగింది. గచ్చు ఆరేదాకా రోజూ తడపాలి. ఊరి బావిలో నీళ్ళు రోజురోజుకూ కిందికి పోతున్నాయి. మనుషులకే చాలని నీళ్ళు గోడకు పోస్తున్నాడని ఆడవాళ్ళు అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఆయన చెవిన పడింది. అప్పటినుంచి తన స్నానం నీళ్ళు, కాళ్ళు కడుక్కున్న నీళ్ళు పెద్ద బానలో పట్టి, గోనెసంచులు అందులో ముంచి గోడకు కప్పేవాడు. బావి నీళ్ళు ఒక్క కడవ కూడా ఎక్కువ తోడలేదు. ఒక జొన్నకంకి చేయడానికి ఆయనకు ఒకటిన్నర రోజు పట్టేది. దంటు చివర తుమ్మ మేకు దించి, దాని మీద గచ్చు పేర్చి, చీపురు పుల్ల మొనతో ఒక్కొక్క గింజ తీర్చేవాడు. ఎన్ని గింజలు పెడుతున్నావు, దూరం నుంచి ఎవరికి కనపడతాయి అని ఒకసారి విసుక్కున్నాను. "పిట్టకు కనపడల్ల కదా," అన్నాడు.

పూర్తయినప్పుడు ఆ గోడ మీద నిలువెత్తు జొన్నచేను లేచింది. పాలరాయిలాంటి తెలుపు. రంగు లేదు. కోడిగుడ్డు తెల్లసొనతో రుద్దిన నునుపు మాత్రం ఉంది. ఎడమకాలితో కంకి పట్టుకున్న చిలక, నోట్లో గింజతో తలెత్తిన పిచ్చుక, పోట్లాడుకుంటూ తింటున్న రెండు గోరింకలు, దంట్ల మొదట్లో ఏరుకుంటున్న గువ్వ, వెనక్కి అడుగేస్తున్న కౌజు. అన్నిటి నోళ్ళూ నిండుగా ఉన్నాయి. అంత మంచి పని నేను తర్వాత ఎక్కడా చూడలేదు. పెద్ద పట్నాల్లోనూ చూడలేదు.

మాఘంలో ఒక మంచిరోజు చూసుకుని ఊరందరి ముందూ గోనెసంచులు తీయించాం. పిల్లలు అరిచారు. పేర్లు పెట్టి పిట్టల్ని చూపించుకున్నారు. పెద్దవాళ్ళు మాత్రం దగ్గరికి రాలేదు. ఆ ఏడు జొన్నలు మోకాలెత్తు కూడా రాకుండా మాడిపోయాయి. ఉన్న పొట్టు పశువులకు వేసేశారు. గాదెలు ఊడ్చుకుంటున్నారు. ఆ జనం నిలబడి, గోడ మీద పండిన చేనునూ, దాన్ని తింటున్న పిట్టల్నీ చూస్తున్నారు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. తరతరాలుగా పిట్ట అంటే వాళ్ళకు పంట మీద పడే దొంగ. మంచె కట్టి, రాళ్ళు విసిరి, గొంతు పోయేలా అరిచి తోలిన దొంగల్ని తెచ్చి, కరువు ఏట, బడి గోడ మీద కూర్చోబెట్టి మేపుతున్నాం.

"ఇదేందప్పా ఇది?" అన్నాడు ఓబుళరెడ్డి. "మనకు గింజ ల్యా. వాటికి పండుగా?"

"అరిష్టం," అన్నాడు అవతలి పార్టీ పెద్ద. "కొట్టేయండి. గడ్డపార తీస్కరాండి."

రెండు పార్టీలూ ఒక మాట మీదికి రావడం ఆ ఊళ్ళో అదే మొదటిసారి. ఎవరో గడ్డపార కోసం కదిలారు కూడా. హుసేనప్ప ఒక పక్కన నిలబడి ఎవరినీ చూడలేదు, నన్నే చూస్తున్నాడు. గోడ నా పూచీ. ఆ మాట అప్పుడు నేను గట్టిగా అనాలి. నేను ఈ బడి అయివారిని, దీని మీద చేయి వేయాలంటే నన్ను దాటి పోండి అనాలి. కానీ ఆ ఊళ్ళో ఉద్యోగం చేసుకోవాలి, రెడ్డి ఇంట్లోనే అద్దెకు ఉంటున్నాను, ఇంటి దగ్గర అమ్మా, పెళ్ళి కావలసిన చెల్లీ. ఇవన్నీ ఒక్క గుక్కలో గుర్తుకొచ్చాయి. మళ్ళీ నా పాత తెలివే ఆదుకుంది.

"అంతా కొట్టడమెందుకు రెడ్డిగారూ," అన్నాను. "కంకులు, నోట్లో గింజలు తీయిద్దాం. ఉత్త పిట్టలైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

 రెడ్డి సరేనన్నాడు. గోడ మొత్తం పోకుండా కాపాడానని నాకు నేను చెప్పుకున్నాను. హుసేనప్ప దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేటట్లు అడిగాడు.

"గింజలు తీసేస్తే, పిట్టలు ఏం చేస్తాండాయని చెప్తావప్పా పిల్లోళ్ళకు?"

నేను కింద పడి ఉన్న గోనెసంచులు మడతపెట్టడం మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున ఆయన సన్న ఉలి, చిన్న సుత్తి తీసుకుని ఒక్కొక్క గింజ తీయడం మొదలుపెట్టాడు. వేరే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నేను లోపల ఎక్కాలు చెప్పిస్తున్నాను. టక్ టక్ మని గోడ అవతల చప్పుడు. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కం ఆపేశారు. చివరికి గదిలో ఆ చప్పుడు ఒక్కటే మిగిలింది. నేను కూడా ఆపేసి కుర్చీలో కూర్చున్నాను. మూడు రోజులు అట్లా జరిగింది. నాలుగోనాడు గోడ కింద ఊడ్చి, నాకు చెప్పి వెళ్ళిపోయాడు. ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. నేను గోడ చూడడానికి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

వేసవికి కరువు ముదిరింది. ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరిచింది. మా ఊళ్ళో గంజి పోసే చోటు మా బడి. వరస ఆ గోడ వెంబడే నిలబడేది. తలల్లేని జొన్నదంట్లు, వాటి మధ్య నోళ్ళు తెరుచుకున్న పిట్టలు. గింజ ఉన్నప్పుడు తినడానికి తెరిచిన నోళ్ళు, గింజ తీసేశాక అడగడానికి తెరిచినట్లు అయ్యాయి. ఎడమకాలు ఎత్తిన చిలక ఖాళీ కాలును చూసుకుంటోంది. గువ్వ ఏమీ లేని నేలను వెతుకుతోంది. కింద చెంబులు, సత్తు గిన్నెలు పట్టుకుని మనుషులు. మొదటి రెండు రోజులు గోడ వైపే చూస్తూ నిలబడ్డారు. మూడోనాటి నుంచి గోడకు వీపు పెట్టి నిలబడడం మొదలుపెట్టారు. సుంకమ్మ ఒక్కతే బిడ్డ చేయి పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడేది.

"అయివారూ," అంది ఒకరోజు, "వీటిని రాళ్ళతో కొట్టినప్పుడు నాకు ఏమీ అనిపించల్యా. తినకుండా చేస్తే చూడలేకుండా ఉండా."

ఓబుళరెడ్డి రోజూ వచ్చి గంజి పోయించేవాడు. ఆయన కర్కశుడు కాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి గోడకు గోనెసంచులు కట్టించమన్నాడు. కట్టించాను. రెండోనాడు ఆయనే వాటిని లాగి పారేశాడు. ఆ పై వారం, "పా అయివారూ, కర్నూలు పోదాం. మేస్త్రీని అడుగుదాం," అన్నాడు. ఒకరి గడప తొక్కి అడగడం ఆ మనిషికి ఎంత కష్టమో ఊళ్ళో అందరికీ తెలుసు. 

హుసేనప్ప ఇల్లు పాతబస్తీలో, తుంగభద్ర గట్టుకు దగ్గర. మంచం మీద ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి, చూపు బాగా తగ్గింది. మా గొంతులు విని లేచి కూర్చున్నాడు. రెడ్డి నిలబడే మాట్లాడాడు.

"తప్పయిపోయింది మేస్త్రీ. వచ్చి గింజలు పెట్టు. నీకు ఏం గావాలన్నా చేస్తా."

"పాత గచ్చు మీద కొత్త గచ్చు నిలవదు రెడ్డీ. ఒక వానకు రాల్తాది. మొత్తం తీసి మళ్ళా చెయ్యల్ల. నాతో యాడయితాది?" అని చేతులు చూపించాడు. తర్వాత అడిగాడు. "కంకులుండే తావులో మేకులు పీకిన బొక్కలు పడినాయి కదా. మూసినారా?"

"మూయలేదు," అన్నాను.

"మూయొద్దండి. పండిన నాడు నిజం కంకులు గుచ్చండి. నా కంకులకంటే అవి మేలు."

రెడ్డి కండువాతో ముఖం తుడుచుకుంటూ బయటి అరుగు మీదికి వెళ్ళాడు. ఇద్దరమే మిగిలాం. నాలుగు నెలలుగా మోస్తున్నది అప్పుడు చెప్పాను.

"మేస్త్రీ, కంకులు తీయమన్న మాట వాళ్ళది కాదు, నాది. ఆ ఉపాయం నేనే చెప్పాను."

"తెలుసప్పా. ఆడనే ఉంటి కదా."

"మరెందుకు తీశావు? తీయనని వెళ్ళిపోయి ఉంటే?"

"వాళ్ళు చెప్పింటే పోయేవాణ్ణే. గడ్డపార తెచ్చుకోని కొట్టుకోండి, నా చేత్తో తీయనని చెప్పి బండెక్కేవాణ్ణి. నువ్వు చెప్పినావు కదా. గోడ నీ పూచీ అంటివి. పూచీ ఉండేవోని మాట ఇనకుంటే ఇంగ ఎవురి మాట ఇనల్ల?"

ఆ మాటలో దెప్పు లేదు. ఉన్న సంగతి చెప్పినట్లే చెప్పాడు. నేను ఆయన చేయి పట్టుకున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను.  ఆయన నా చేతిని రెండు సార్లు తట్టి, గంజి పిల్లోళ్ళకు చాలుతాందా అని అడిగాడు. చాలుతోందన్నాను. అది కూడా పూర్తిగా నిజం కాదు.

ఆ ఏడు వానలు పడ్డాయి. ఆశ్వయుజంలో జొన్నలు విత్తారు. హుసేనప్ప కార్తీకంలో పోయాడని, కర్నూలు నుంచి వచ్చిన బండివాడు చెప్తే తెలిసింది. పంట కోతకు వచ్చినప్పుడు రెండు పార్టీలవాళ్ళూ తలా నాలుగు కంకులు పట్టుకుని బడి దగ్గరికి వచ్చారు. మొదటి కంకి అయివారు గుచ్చాలన్నాడు రెడ్డి. నేను వెనక్కి తగ్గాను, సుంకమ్మ గుచ్చితే బాగుంటుందన్నాను. ఆమె మడమలెత్తి నిలబడి చిలక కాలి దగ్గర ఉన్న బొక్కలో కంకి పెట్టింది. అరగంటలో అసలు పిచ్చుకలు వచ్చి గచ్చు పిచ్చుకల నెత్తిన కూర్చుని తినడం మొదలుపెట్టాయి. ఎవరూ తోలలేదు. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ప్రతి కోతకూ అట్లాగే గుచ్చారు. ఇప్పుడు ఆ నేలల్లో జొన్న లేదు, అంతా శనగ. పాత బడి పడగొట్టి కొత్తది కట్టారని విన్నాను. చూడడానికి వెళ్ళలేదు.

మొత్తం ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను, హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. నా కింద చాలామంది పనిచేశారు. గట్టివాడు, దేనికీ జంకడు అని నాకు పేరు. ఆ గట్టితనం ఎక్కడ మొదలైందో వాళ్ళెవరికీ తెలియదు. హుసేనప్ప ఆ రోజు నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయి ఉండేవాణ్ణి. ఆయన తిట్టలేదు, నా మాట విన్నాడు. అప్పటినుంచి ఎవరైనా నా మాట ఎదురు చెప్పకుండా వింటే నాకు భయమేస్తుంది.